నొప్పి లేదని ఈ రాయిని వదిలేయొద్దు

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్ళు, నరసరావుపేట దగ్గర పల్లెలో ఉంటుంది. షుగర్ వచ్చి పన్నెండేళ్ళు. ఎడమ కిడ్నీలో 4.6 సెంటీమీటర్ల రాయి ఉందని, కొమ్మల్లా పాకిందని సీటీ స్కాన్‌లో రాశారు. రాయి సాంద్రత చూపే హెచ్‌యూ 780. కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ 1.5, మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 8.4. ఈ ఏడాదిలో మూడుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది, రెండుసార్లు చలిజ్వరం కూడా. మూత్రం కల్చర్‌లో (బ్యాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్ష) ప్రోటియస్ అనే బ్యాక్టీరియా అని వచ్చింది. నొప్పి మాత్రం లేదు. నాలుగేళ్ళ కిందట ఇదే కిడ్నీలో రెండు సెంటీమీటర్ల రాయికి షాక్‌వేవ్ ఇచ్చారు. కొంత పడిపోయింది, కొంత మిగిలింది. ఇప్పుడు గుంటూరులో ఒక డాక్టరుగారు వీపులోంచి రంధ్రం చేసి తీయాలన్నారు. హైదరాబాద్‌లో ఇంకొకరు రంధ్రం అక్కర్లేదు, లేజర్‌తో రెండు మూడు విడతల్లో పొడి చేస్తామన్నారు. మా పెద్దమ్మ కొండపిండి ఆకు కషాయం తాగిస్తోంది. మెడికల్ షాపులో ఇచ్చిన పొటాషియం సిట్రేట్ సిరప్ ఆరు నెలలుగా వాడుతోంది. గుండెకని రోజూ ఆస్పిరిన్ 75 కూడా వేసుకుంటుంది. ఎవరి మాట వినాలి? నొప్పే లేనప్పుడు ఇలాగే వదిలేస్తే ఏమవుతుంది?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాం. వదిలేయకూడదు. నొప్పి రాయి సైజును బట్టి రాదు. మూత్రం దారి మూసుకుపోయి కిడ్నీ ఒక్కసారిగా ఉబ్బినప్పుడు వస్తుంది. అయిదు మిల్లీమీటర్ల రాయి కిడ్నీ నుంచి జారి మూత్రనాళంలో ఇరుక్కుంటే మనిషి మెలికలు తిరిగిపోతాడు. మీ అమ్మగారి రాయి కదలకుండా ఉన్నచోటే పెరిగింది, మూత్రం దాని పక్క నుంచి మెల్లగా దిగిపోతోంది. అందుకే నొప్పి లేదు. దుప్పి కొమ్ముల ఆకారంలో పెరిగే ఇలాంటి వాటిని స్టాగ్‌హార్న్ రాళ్ళంటారు. ఇవి చడీచప్పుడు లేకుండా కిడ్నీని తినేస్తాయి. ఏళ్ళ తరబడి వదిలేసిన వాళ్ళలో చాలామందికి ఆ కిడ్నీ పనిచేయకుండా పోతుంది. అంతకంటే భయపడాల్సింది, ఏదో ఒక రోజు ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకడం. రెండుసార్లు వచ్చిన చలిజ్వరం దానికి ముందు హెచ్చరికే.

మీరు రాసిన వివరాల్లో మా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ప్రోటియస్. 4.6 సెంటీమీటర్లు, హెచ్‌యూ 780 ఆ తర్వాతే. మూత్రంలో సాధారణంగా కనిపించే ఈ.కోలై అనే బ్యాక్టీరియా రాళ్ళు కట్టదు. ప్రోటియస్ కడుతుంది. దాని దగ్గర యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది మూత్రంలోని యూరియాను విడగొట్టి అమ్మోనియా చేస్తుంది. దాంతో మూత్రం క్షారంగా మారి పీహెచ్ 7 దాటుతుంది. ఆ స్థితిలో మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసి గట్టిపడి రాయిగా పేరుకుంటాయి. స్ట్రువైట్ అంటే ఇదే. రాయి పెరిగేకొద్దీ బ్యాక్టీరియా దాని పొరల్లోనే చిక్కుకుని బతుకుతుంది. మీరు వాడే యాంటీబయాటిక్ మూత్రంలో ఈదే బ్యాక్టీరియాను చంపుతుంది, రాయి లోపల దాక్కున్నదాన్ని చేరలేదు. కోర్సు అయిపోయిన రెండు వారాలకో నెలకో ఇన్‌ఫెక్షన్ మళ్ళీ రావడానికి కారణం ఇదే. మందు మార్చినా, ఇంకా ఖరీదైన ఇంజెక్షన్ ఇచ్చినా రాయి ఉన్నంతకాలం ఇదే తంతు.

నాలుగేళ్ళ కిందటి షాక్‌వేవ్ ఎందుకు పూర్తిగా ఫలించలేదో కూడా దీంతో అర్థమవుతుంది. షాక్‌వేవ్ రాయిని పగలగొడుతుంది, బయటికి తీయదు. ముక్కలు తమంతట తామే మూత్రంతో దిగిపోవాలి. కిడ్నీ కింది గదుల్లో పడిన ముక్కలు పైకెక్కి బయటికి రావడం కష్టం. కాల్షియం రాయి ముక్క మిగిలితే అది కొన్నాళ్ళు ఊరకే ఉండవచ్చు. ఇన్‌ఫెక్షన్ రాయి ముక్క మిగిలితే అందులోని బ్యాక్టీరియా మళ్ళీ యూరియాను విడగొడుతూ పని మొదలుపెడుతుంది. కాబట్టి మీరిప్పుడు ఏ పద్ధతి ఎంచుకున్నా దాన్ని ఒకే ప్రశ్నతో తూకం వేయండి: చివరికి కిడ్నీలో ముక్క మిగలకుండా పోతుందా?

ఇక సిరప్ సంగతి. దాన్ని ఈ రోజే ఆపి, ఆ విషయం మీ డాక్టరుకు చెప్పండి. పొటాషియం సిట్రేట్ మంచి మందే. యూరిక్ యాసిడ్ రాళ్ళను ఆపరేషన్ లేకుండా కరిగించగలదు. మూత్రం పీహెచ్‌ను 6.5 నుంచి 7.2 మధ్య నిలబెడితే ఆ రాళ్ళు కొన్ని వారాల నుంచి నెలల్లో కరుగుతాయి. కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు మళ్ళీ రాకుండానూ అది సాయపడుతుంది. స్ట్రువైట్‌కు మాత్రం క్షారమే మేత. మూత్రాన్ని ఇంకా క్షారంగా మారిస్తే రాయి పెరగడానికి మనమే దారి చూపినట్టు. రెండో ఇబ్బంది పొటాషియం. 58 ఏళ్ళ స్త్రీకి క్రియాటినిన్ 1.5 అంటే కిడ్నీలు వడకట్టే శక్తి, ఈజీఎఫ్‌ఆర్ లెక్కలో, సుమారు 40. ఆ స్థితిలో ఎవరూ రక్తపరీక్ష చేయకుండా నెలల తరబడి పొటాషియం తాగిస్తే రక్తంలో అది పెరిగి గుండె లయ దెబ్బతినవచ్చు. ఈ వారంలోనే సీరం ఎలక్ట్రోలైట్స్ (రక్తంలో పొటాషియం లాంటి లవణాల పరీక్ష) చేయించండి. రాయి అనగానే అందరి చేతికీ అదే సీసా ఇవ్వడం మన మందుల షాపుల్లో పాతుకుపోయిన అలవాటు. ఏ రాయో తెలియకుండా ఇచ్చే మందు అది.

క్రియాటినిన్ గురించి ఇంకొక మాట. ఒక కిడ్నీలో రాయి ఉండి రెండోది నిక్షేపంగా ఉంటే సాధారణంగా క్రియాటినిన్ ఇంత పెరగదు. షుగర్ వల్ల కుడి కిడ్నీ కూడా కొంత దెబ్బతిని ఉండవచ్చు. అందుకే ఆపరేషన్‌కు ముందే నెఫ్రాలజిస్టుకు ఒకసారి చూపించండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఆమె దగ్గరికి రానీయకండి. జ్వరానికి, ఒంటి నొప్పులకు పారాసిటమాల్ చాలు.

ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందు చేయించాల్సింది డీటీపీఏ స్కాన్, లేదా డీఎంఎస్‌ఏ స్కాన్. మొత్తం పనిలో ఎడమ కిడ్నీ వాటా ఎంతో అది చెబుతుంది. వాటా 30, 40 శాతం ఉంటే రాయి తీసి కిడ్నీని కాపాడుకోవడమే దారి. 10, 15 శాతం కంటే తక్కువకు పడిపోయి ఉంటే ఆ కిడ్నీనే తీసేయాలా అన్న చర్చ వస్తుంది. పనిచేయని కిడ్నీలో ఇన్‌ఫెక్షన్ రాయిని మూడు విడతలుగా తీయడం వృథా శ్రమ. ఈ స్కాన్ లేకుండా పద్ధతి గురించి వాదించుకోవడంలో అర్థం లేదు. ఇద్దరు డాక్టర్లలో ఎవరైనా ఇది రాశారో లేదో మీరు చెప్పలేదు.

తర్వాత మూత్రం కల్చర్. పాత రిపోర్టు సరిపోదు. ఆపరేషన్‌కు వారం, పది రోజుల ముందు కొత్తగా చేయించాలి. ఏ మందుకు బ్యాక్టీరియా లొంగుతుందో చూసి అయిదు నుంచి ఏడు రోజులు ఆ యాంటీబయాటిక్ వాడాకే లోపలికి తీసుకెళ్ళాలి. ఇక్కడ ఒక తప్పు తరచూ జరుగుతుంది. మూత్రంలో మంట అనగానే నైట్రోఫ్యురాంటోయిన్ మాత్రలు ఇస్తారు. ప్రోటియస్‌కు ఆ మందు పుట్టుకతోనే పనిచేయదు. పైగా అది మూత్రాశయంలో పనిచేసే మందే తప్ప కిడ్నీ కండలోకి సరిగా వెళ్ళదు, ఈజీఎఫ్‌ఆర్ తగ్గినవాళ్ళలో ఇంకా బలహీనపడుతుంది. మీ అమ్మగారి పాత చీటీల్లో ఆ పేరు ఉందేమో చూడండి. ఉంటే మూడుసార్లలో ఒకటి రెండైనా సరైన చికిత్స అందలేదన్నమాట.

హెచ్‌బీఏ1సీ 8.4 దగ్గర ఉంటే ఆపరేషన్‌ను నెలల తరబడి వాయిదా వేయాల్సిన పనిలేదు. ఇన్‌ఫెక్షన్ రాయి ఉన్నంతకాలం షుగర్ కూడా సరిగా అదుపులోకి రాదు. ఇన్సులిన్‌తో రక్తంలో చక్కెరను 180 లోపు తెచ్చుకుని ముందుకెళ్ళవచ్చు. ఆమె డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడుతుంటే ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. లేకపోతే చక్కెర మామూలుగానే ఉండి రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. మత్తు డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. ఆస్పిరిన్ సొంతంగా ఆపకండి. గుండెలో స్టెంట్ ఉందా, ముందు జాగ్రత్తకే ఇస్తున్నారా అన్నదాన్ని బట్టి హృద్రోగ నిపుణుడు, యూరాలజిస్టు కలిసి తేల్చాలి. రక్తం పలచబరిచే క్లోపిడోగ్రెల్ కూడా ఉంటే సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజుల ముందు ఆపుతారు.

ఇప్పుడు అసలు ప్రశ్న: వీపులోంచి తీసే పీసీఎన్‌ఎల్ మంచిదా, మూత్రమార్గం నుంచి వెళ్ళే ఆర్‌ఐఆర్‌ఎస్ లేజరా? ఈ కేసులో గుంటూరు డాక్టరుగారి మాటే మాకు సరైనదిగా కనిపిస్తోంది. రెండు సెంటీమీటర్లు దాటిన కిడ్నీ రాళ్ళకు పీసీఎన్‌ఎల్ మొదటి ఎంపిక అన్నది యూరప్, అమెరికా యూరాలజీ సంఘాల మార్గదర్శకాల్లో ఉన్నదే. ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. రాయి గుండ్రంగా ఉందనుకుందాం. అడ్డుకొలత ఒక సెంటీమీటరైతే ఘనపరిమాణం సుమారు అర మిల్లీలీటరు. రెండైతే నాలుగు మిల్లీలీటర్లు దాటుతుంది. అడ్డుకొలత రెట్టింపైతే పొడి చేయాల్సిన సరుకు ఎనిమిది రెట్లవుతుందన్నమాట. మీ అమ్మగారి రాయి కొమ్మలుగా ఉంది కాబట్టి ఈ లెక్క ఉన్నదున్నట్టు వర్తించదు గానీ పని భారం ఎంతో ఊహించుకోవచ్చు.

ఆర్‌ఐఆర్‌ఎస్‌లో మూత్రనాళంలోకి ఒక గొట్టం వేస్తారు. దాని బయటి మందం నాలుగు, నాలుగున్నర మిల్లీమీటర్లు. అందులోంచి సుమారు మూడు మిల్లీమీటర్ల వంగే కెమెరా వెళ్తుంది. కెమెరాలోంచి వెంట్రుకంత సన్నని లేజర్ తీగ, 200 నుంచి 270 మైక్రాన్లు. కనిపించడానికి సెలైన్ పారిస్తూ ఉండాలి. ఆ సెలైన్ ఒత్తిడి కిడ్నీ లోపల పెరిగిందంటే మూత్రంలోని బ్యాక్టీరియా, రాయి పొడిలోంచి విడుదలయ్యే విషపదార్థాలు రక్తంలోకి నెట్టబడతాయి. గంటన్నర దాటి అలా పనిచేస్తే ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకే సెప్సిస్ ముప్పు పెరుగుతుంది. అందుకే పెద్ద రాయికి విడతలు. మూడు విడతలంటే మూడుసార్లు మత్తు, మధ్యలో నెలల తరబడి మూత్రనాళంలో స్టెంట్ గొట్టం, ఇన్‌ఫెక్షన్ ఉన్న కిడ్నీలో సగం పగిలిన రాయి. చివరికి మిగిలే పొడి కింది గదిలో పేరుకుంటుంది. కాల్షియం రాయైతే ఆ పొడిని క్షమించవచ్చు. ప్రోటియస్ రాయిలో ఆ పొడే వచ్చే ఏటి రాయి. లేజర్ పద్ధతిని చిన్నచూపు చూడటం లేదు. రెండు సెంటీమీటర్ల లోపు రాయి, రక్తం పలచబరిచే మందులు ఆపలేని రోగి, వెన్ను బాగా వంకరపోయినవాళ్ళు, పీసీఎన్‌ఎల్ తర్వాత మూల గదిలో మిగిలిన ముక్క – వీటికి దానికి మించింది లేదు. ఈమధ్య పొడిని పీల్చే గొట్టాలు వచ్చి ఇంకొంచెం మెరుగుపడింది కూడా. అయినా 4.6 సెంటీమీటర్ల ఇన్‌ఫెక్షన్ రాయికి రంధ్రం లేదు, కోత లేదు అన్న ఆకర్షణ మీద నిర్ణయం తీసుకోవద్దు.

పీసీఎన్‌ఎల్ ఎలా చేస్తారో తెలిస్తే సగం భయం పోతుంది. 1976లో స్వీడన్‌లో మొదలైన పద్ధతి ఇది, కొత్త ప్రయోగమేమీ కాదు. మత్తు ఇచ్చాక ముందు మూత్రమార్గం నుంచి కిడ్నీ దాకా సన్నని క్యాథెటర్ పెట్టి రంగుమందు ఎక్కిస్తారు. గదులు ఎక్స్‌రే తెర మీద కనిపిస్తాయి. బోర్లా పడుకోబెట్టి, లేదా వెల్లకిలా ఒక పక్కకు ఒరిగించి, నడుము వైపు నుంచి 18 గేజ్ సూదితో అనుకున్న గది కొసలోకి గుచ్చుతారు. ఆపరేషన్ మొత్తంలో నేర్పు ఇక్కడే ఉంది. గది కొస నుంచి తిన్నగా వెళ్తే పెద్ద రక్తనాళాలు తగలవు. గది మెడలోంచో, నేరుగా మధ్య భాగంలోకో గుచ్చితే రక్తస్రావం ముప్పు ఎక్కువ. సూదిలోంచి తీగ వేసి, దాని మీద దారిని మెల్లగా వెడల్పు చేస్తారు. మామూలు పద్ధతిలో ఈ దారి 24 నుంచి 30 ఫ్రెంచ్, అంటే ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్లు. మినీ పద్ధతిలో 14 నుంచి 20 ఫ్రెంచ్, అయిదు నుంచి ఏడు మిల్లీమీటర్లు. అక్కడినుంచి కెమెరా, రాయిని పగలగొట్టి అక్కడికక్కడే పీల్చేసే అల్ట్రాసౌండ్ లేదా గాలిపోటు యంత్రం. స్ట్రువైట్ మెత్తని రాయే, యంత్రానికి త్వరగా లొంగుతుంది.

కొమ్మల రాయికి ఒక్క దారి సరిపోకపోవచ్చు. రెండో, మూడో దారి వేయవచ్చు. లేదా రెండు మూడు రోజులు ఆగి అదే దారిలో మళ్ళీ చూడవచ్చు. లేదా అదే మత్తులో పైనుంచి ఒకరు, కింద మూత్రమార్గం నుంచి వంగే కెమెరాతో ఇంకొకరు పనిచేయవచ్చు. మీ డాక్టరు ‘రెండోసారి కూడా అవసరం కావచ్చు’ అంటే అది చేతకానితనం కాదు, నిజాయితీ. అలాగే సూది గుచ్చగానే చీము వస్తే మంచి సర్జన్ అక్కడితో ఆపేసి, గొట్టం పెట్టి, ఆ చీమును కల్చర్‌కు పంపి, ఇన్‌ఫెక్షన్ తగ్గాక మళ్ళీ తీసుకెళ్తాడు. అప్పుడు ‘డబ్బు కట్టాం, రాయి తీయలేదేం’ అని గొడవ పడకండి. చీములో యంత్రం తిప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇబ్బందులు దాచకుండా చెప్పాలి. పీసీఎన్‌ఎల్ తర్వాత జ్వరం నూటికి సుమారు పదిమందికి వస్తుంది. రక్తం ఎక్కించాల్సిన అవసరం ఏడుగురికి పడుతుంది, కొమ్మల రాళ్ళలో ఇంకొంచెం ఎక్కువ. పక్కటెముకల పైనుంచి గుచ్చాల్సి వస్తే ఊపిరితిత్తి పొరలోకి నీరో గాలో చేరవచ్చు. పేగుకు తగలడం అరుదు, కిడ్నీ వెనక పేగు ఉందేమో సీటీలో ముందే చూసుకుంటే ఇంకా అరుదు. మీరు ఇంట్లో గుర్తుపెట్టుకోవాల్సింది ఆలస్యంగా వచ్చే రక్తస్రావం. అంతా బాగుందని ఇంటికి వచ్చాక, ఒకటి రెండు వారాలకు, ఉన్నట్టుండి మూత్రంలో చిక్కటి రక్తం, గడ్డలు పడవచ్చు. కిడ్నీలో దెబ్బతిన్న చిన్న ధమని బుడగలా ఉబ్బి పగలడం దీనికి కారణం. నీళ్ళు తాగించి చూద్దాం అనుకోవద్దు. రేడియాలజీలో యాంజియో చేసి ఆ నాళాన్ని మూసే సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళాలి. నూటికి ఒక్కరికి కూడా ఈ అవసరం రాకపోవచ్చు. అయినా ఆపరేషన్ చేయించుకునే చోట ఆ సౌకర్యం ఉందా, లేకపోతే ఎక్కడికి పంపుతారు అని ముందే అడిగి పెట్టుకోండి.

సర్జన్‌ను ఇంకా ఏం అడగాలి? ఎన్ని దారులు పడవచ్చు అని అడగండి. ఒక్క విడతలో పూర్తిగా పోయే అవకాశం ఎంత, మిగిలితే తర్వాత ఏం చేస్తారు అని అడగండి. తీసిన రాయిని కల్చర్‌కు, రసాయన విశ్లేషణకు రెండింటికీ పంపుతారా అన్నది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. మూత్రాశయంలోని మూత్రంలో దొరికిన బ్యాక్టీరియా, రాయి లోపలి బ్యాక్టీరియా ఒకటే కానక్కర్లేదు. ఆపరేషన్ తర్వాత జ్వరం తగ్గకపోతే ఏ మందు ఇవ్వాలో రాయి కల్చరే చెబుతుంది. విశ్లేషణకు ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కిరణాలతో రాయి దేనితో ఏర్పడిందో గుర్తించే) పరీక్ష మేలు. ముక్కల్ని కడిగి ఆరబెట్టి పొడి సీసాలో ఇవ్వాలి. ఫార్మలిన్‌లో వేయకూడదు. మన దగ్గర రాయిని పొట్లం కట్టి బంధువులకు చూపించడానికి ఇచ్చేస్తారు. అది బీరువాలో ఉండి ప్రయోజనం లేదు, ల్యాబ్‌కు వెళ్ళాలి.

బయటికి వచ్చేటప్పుడు చాలామందికి లోపల డీజే స్టెంట్ ఉంటుంది. కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా వేసే మెత్తని గొట్టం అది. మాటిమాటికీ మూత్రం రావడం, పోసేటప్పుడు నడుములో గుంజడం, నడిచినప్పుడు మూత్రం కొంచెం ఎర్రబడటం స్టెంట్ వల్ల మామూలే. టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాములు చాలామందికి ఉపశమనం ఇస్తుంది. సాధారణంగా రెండు నుంచి ఆరు వారాల్లో తీసేస్తారు. ఇన్‌ఫెక్షన్ రాళ్ళున్నవాళ్ళలో స్టెంట్ మీద కూడా పూత త్వరగా గడ్డకడుతుంది కాబట్టి ఆలస్యం అసలు కూడదు. ఊరికెళ్ళాక మర్చిపోయి ఏడాదికో రెండేళ్ళకో నొప్పితో వస్తే స్టెంటే ఒక పెద్ద రాయి అయి, దాన్ని తీయడం మొదటి ఆపరేషన్ కంటే కష్టమవుతుంది. డిశ్చార్జ్ కాగితం మీద స్టెంట్ ఉందని, ఏ తేదీకి తీయాలని రాయించుకుని ఆ తేదీని మీ ఫోన్‌లో పెట్టుకోండి, అమ్మగారి ఫోన్‌లో కాదు.

రాయి పూర్తిగా పోయిందా అన్నది నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత తక్కువ మోతాదు సీటీతో చూడాలి. ఒక్క ఎక్స్‌రే చూసి ‘క్లియర్’ అంటే నమ్మకండి, స్ట్రువైట్ అందులో మసకగానే కనిపిస్తుంది, చిన్న ముక్కలు తప్పిపోతాయి. ముక్క కనిపిస్తే చిన్నదే కదా అని వదలకుండా అప్పుడు ఆర్‌ఐఆర్‌ఎస్ చేయించండి. హైదరాబాద్ డాక్టరుగారి లేజర్‌కు సరైన సమయం అదే. యాంటీబయాటిక్ ఎన్నాళ్ళన్నది రాయి కల్చర్ చూసి డాక్టరు నిర్ణయిస్తారు. ఆ తర్వాత మొదటి మూడు నెలలు నెలకోసారి, పిమ్మట ఏడాది పాటు మూడు నెలలకోసారి మూత్రం కల్చర్ చేయించడం మంచిది.

రాయి పోయాక ఇన్‌ఫెక్షన్ ఎందుకు వస్తోందో వెతకాలి, లేకపోతే కథ మళ్ళీ మొదలవుతుంది. పన్నెండేళ్ళ షుగర్‌లో మూత్రాశయం నరాలు మొద్దుబారి మూత్రం పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు. మూత్రం పోసిన వెంటనే అల్ట్రాసౌండ్‌లో ఎంత మిగిలిందో చూడమనండి. 100 మిల్లీలీటర్లు దాటితే దానికి వేరే చికిత్స అవసరం. ముట్లు ఆగిన స్త్రీలకు మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ వస్తుంటే యోనిలో రాసే ఈస్ట్రోజెన్ క్రీమ్ బాగా పనిచేస్తుంది. కొడుకుతో ఈ మాట చెప్పుకోవడానికి ఆమెకు ఇబ్బంది ఉంటుంది కాబట్టి గైనకాలజిస్టు దగ్గరికి ఇంట్లో ఆడవాళ్ళెవరినైనా తోడు పంపండి.

కొండపిండి ఆకు విషయానికొస్తే, మీ పెద్దమ్మగారి ఉద్దేశాన్ని తప్పుపట్టం. అయిదు మిల్లీమీటర్ల లోపు రాళ్ళలో చాలావరకు ఏ మందూ లేకుండానే పడిపోతాయి. ఆ సమయంలో ఎవరు ఏది తాగితే దానికి పేరొస్తుంది: కొండపిండి, అరటి దూట రసం, బార్లీ నీళ్ళు, ఉలవకట్టు, చివరికి బీరు కూడా. 4.6 సెంటీమీటర్ల రాయిని కరిగించే ఆకు లేదు. కూరగా వండుకు తింటే తప్పు లేదు. రోజూ చిక్కటి కషాయం మాత్రం ఈజీఎఫ్‌ఆర్ 40 ఉన్నవారికి వద్దు.

తిండి గురించి మీరు అడగలేదు గానీ అందరూ అడిగేది అదే. స్ట్రువైట్ తిండి వల్ల వచ్చే రాయి కాదు. టమాటా, వంకాయ మానేసినందువల్ల ఒరిగేదేమీ లేదు. విశ్లేషణలో లోపలి పొర కాల్షియం ఆక్సలేట్ అని తేలితే, అలా కలిసి ఉండటం అరుదేమీ కాదు, ఆరు వారాల తర్వాత 24 గంటల మూత్ర పరీక్ష చేయించి అప్పుడు పథ్యం చూసుకోవాలి. అప్పుడు తగ్గించాల్సినవి పాలకూర, చుక్కకూర, తోటకూర, బచ్చలి, బాదం, జీడిపప్పు. పాలు, పెరుగు మానకూడదు. భోజనంతో పాటు తీసుకున్న కాల్షియం ఆకుకూరలోని ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేస్తుంది. కాల్షియం మానేస్తే రాళ్ళు పెరుగుతాయి. ఉప్పు రోజుకు అయిదు గ్రాములు దాటకూడదంటే ఊరగాయ, అప్పడం, చల్లమిరపకాయ రోజూ కుదరవు. నీళ్ళు ఎన్ని తాగారన్నది కాదు, మూత్రం ఎంత వచ్చిందన్నది లెక్క. రోజుకు రెండున్నర లీటర్లు రావాలి. పల్నాడు ఎండల్లో దానికి మూడు లీటర్ల నీళ్ళు చాలవు. గుండె జబ్బో, కాళ్ళ వాపో ఉంటే మాత్రం నీళ్ళ మోతాదు డాక్టరునే అడగాలి.

ఖర్చు గురించి: ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద కిడ్నీ రాళ్ళ శస్త్రచికిత్సలు ఉన్నాయి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఈ పథకం సహాయకుల దగ్గర రెండోసారి ఆపరేషన్ అవసరమైతే, స్టెంట్ తీయడానికి విడిగా కట్టాలా అన్నది ముందే కనుక్కోండి. కార్డు అమ్మగారి సొంత రాష్ట్రానిది కాబట్టి, హైదరాబాద్‌లో చేయించాలనుకుంటే అక్కడ చెల్లుతుందో లేదో ముందు తేల్చుకోవాలి.

ఆపరేషన్ తేదీ వచ్చేలోపు ఇంట్లో థర్మామీటర్ ఉంచండి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి వణుకు వచ్చినా, మూత్రం తగ్గిపోయినా, మాట తడబడినా, మగతగా ఉన్నా మాత్ర వేసి తెల్లారేదాకా చూడొద్దు. ఆ రాత్రే యూరాలజిస్టు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. అప్పుడు రాయి తీయరు, తీయకూడదు కూడా. స్టెంటో, వీపులోంచి సన్నని గొట్టమో వేసి చీము మూత్రాన్ని బయటికి వదిలి, యాంటీబయాటిక్ ఇచ్చి, మనిషిని నిలబెట్టుకున్నాక మళ్ళీ తేదీ ఇస్తారు. వెళ్ళేటప్పుడు సీటీ సీడీ, కల్చర్ రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ ఒకే సంచిలో సిద్ధంగా ఉంచండి. ఆ కల్చర్ కాగితం చేతిలో ఉంటే సరైన యాంటీబయాటిక్ మొదటి గంటలోనే మొదలవుతుంది.